ఊహలోని సాలీడు – గోడమీది సాలీడు

మన దేశములో సాలీడు లేని యిల్లు లేదు. దూలము మూలను, దేవుని పటము వెనుకను, తుదకు రేడియో పెట్టె వెనుకను అది కాపురము పెట్టుకొనియే యుండును. పండుగకు ముందు బూజు దులుపునపుడు తప్ప మనము దానిని తలచుకొనము. అయినను మనుష్యుడు కథలలోను, చిత్రములలోను, చలనచిత్రములలోను కల్పించుకొనిన వింతజంతువులలో సాలీడునకు పెద్దపీట లభించినది. ఒకచోట అది రాక్షసి, ఒకచోట మాయలాడి, మరియొకచోట పరమభక్తుడు. ఇంత చేరువలో నున్న జీవిని గూర్చి ఇంతగా ఊహించిన మనుష్యుడు దాని ఒడలిని ఎంతవరకు పరికించి చూచెను? చూచి ఊహించినవారి కల్పనకును, చూడక ఊహించినవారి కల్పనకును భేదమేమి? ఈ ప్రశ్నలకు చరిత్రలో దొరకు సమాధానములను పాఠకుల ముందుంచుట మా యుద్దేశము.

మొదట మా తప్పును మేమే చెప్పుకొందుము. చిన్ననాడు పలకమీద సాలీడు బొమ్మ వేయునపుడు గుండ్రముగా పెద్ద పొట్ట గీసి, దాని చుట్టును సూర్యకిరణములవలె ఎనిమిది గీతలు పెట్టి, పైన రెండు కన్నులును, ఒక నోరును వ్రాసెడివారము. చూచినవారందరును అది సాలీడే యని గుర్తించిరి. కాని గోడమీది సాలీడు అట్లుండదు.

నిజమైన సాలీడు శరీరము రెండు భాగములు. తలయు రొమ్మును ఒక్కటిగా అతుకుకొనిన ముందుభాగము ఒకటి. మెత్తని సంచివంటి పొట్ట మరియొకటి. ఈ రెంటికిని నడుమ మిక్కిలి సన్నని నడుము కలదు. ఎనిమిది కాళ్ళును ముందుభాగమునకే అమరియుండును. పొట్టకు ఒక్క కాలును లేదు. ఒక్కొక్క కాలికి ఏడేసి ఖండములు. నోటిముందు రెండు దౌడలు, వాని చివర కోరలు కలవు. విషము వచ్చునది ఆ కోరలనుండియే గాని, తేలునకువలె తోక కొండినుండి కాదు. దౌడల ప్రక్కన పొట్టి కాళ్ళవలె కనిపించు రెండు అవయవములున్నవి. అవి నడచుటకు కాదు. తడవి చూచుకొనుటకును, ఎరను పట్టుకొనుటకును ఉపయోగపడు చేతులవంటివి.

కన్నులు సాధారణముగా ఎనిమిది. ఆరు గలవియు, అంతకు తక్కువ గలవియు, చీకటి గుహలలో బ్రదుకుచు అసలు కన్నులే లేనివియు కలవు. ఈగకును తూనీగకును ఉన్నట్లు వేలకొలది ముఖములు గల సంయుక్త నేత్రములు సాలీడునకు లేవు. దాని కన్నులలో ప్రతిదియు ఒకే కటకము గల సాదా కన్ను. పొట్ట చివర అడుగుభాగమున దారము తీయు చిన్న బొడిపెలున్నవి. లోపల ద్రవముగా నున్న పదార్థము వానిగుండా వెలువడి, లాగబడునపుడు గట్టిపడి పట్టుదారమగును. సాలీడు ఆహారమును మనవలె నమిలి మ్రింగదు. జీర్ణరసమును ఎరమీద వదలి, కరగిన పదార్థమును పీల్చుకొనును. దాని రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమునందు ఇనుమునకు బదులు రాగి యుండును. కావున గాలి సోకిన రక్తము లేత నీలివన్నెగా నుండును. పెక్కు సాలీళ్ళకు పొట్టలోపల పుస్తకపు పుటలవలె పొరలుపొరలుగా అమరిన ఊపిరితిత్తులు కలవు. ఈ వివరములను మనసునందుంచుకొని మనుష్యుని ఊహాచరిత్రను పరిశీలింతము.

మన పూర్వులు సాలీడునకు పెట్టిన పేర్లలోనే కొంత శరీరశాస్త్రము కలదు. సంస్కృతమున దానిని ‘ఊర్ణనాభి’ అనిరి. ఊర్ణయనగా ఉన్ని, నాభియనగా బొడ్డు. దారము నోటినుండి గాక పొట్టనుండి వచ్చుననుట చూచి పెట్టిన పేరిది. ముండకోపనిషత్తులో, సాలీడు తననుండి దారమును సృజించి మరల తనలోనికి గ్రహించునట్లు, అక్షరపరబ్రహ్మమునుండి విశ్వము పుట్టుచున్నదని ఒక ఉపమానము కలదు. ‘మరల గ్రహించుట’ కవి చమత్కారమని కొందరనుకొనవచ్చును. కాని గుండ్రని వలలు అల్లు సాలీళ్ళలో పెక్కింటికి పాతవలను తామే తిని, ఆ పదార్థముతోనే క్రొత్తవలను అల్లుకొను అలవాటున్నది. వేదాంతి చెప్పిన ఉపమానము వెనుక ఒక తెల్లవారుజామున చెట్టుకొమ్మల నడుమ నిలబడి చూచిన కన్ను ఉన్నదని మా విశ్వాసము. ఇక తెలుగువారు దానిని సాలెపురుగు అనిరి. సాలెలనగా నేతపనివారు. మగ్గముమీది నేతను, మూలలోని నేతను ఒక్కచూపుతో చూచి పెట్టిన పేరిది.

ఇదే చూపు గ్రీకుల కథలోను కనబడును. లిడియా దేశములో అరాక్నీ అను నేతగత్తె దేవతతో నేతలో పోటీపడి, ఆమె ఆగ్రహమునకు గురియై సాలీడుగా మారినదని ఆ కథ. రోమను కవి ఓవిడ్ క్రీ. శ. 8 ప్రాంతమున ముగించిన తన ‘మెటమార్ఫసిస్’ కావ్యము ఆరవ భాగములో ఈ మార్పును క్రమముగా వర్ణించెను. జుట్టు రాలిపోవును, ముక్కు, చెవులు మాయమగును, తల చిన్నదగును, సన్నని వ్రేళ్ళు ప్రక్కలకు అంటుకొని కాళ్ళగును, మిగిలినదంతయు పొట్టయే, ఆ పొట్టనుండియే ఆమె ఇంకను దారము తీయుచుండును. చిన్న తల, ప్రక్కల కాళ్ళు, పెద్ద పొట్ట, పొట్టనుండి దారము – నాలుగును సరియైనవే. సాలీడునకు బయటికి కనిపించు ముక్కును చెవులును లేకపోవుట కూడ కవి గమనించెను.

అప్పటి శాస్త్రజ్ఞులు కవులకన్న అన్నివేళల మెరుగుగా చూచిరనుటకు వీలులేదు. ఓవిడ్‌కు నాలుగు శతాబ్దములకు ముందే దారము శరీరములోపలనుండి వచ్చునని డెమోక్రిటస్ చెప్పగా, అరిస్టాటిల్ దానిని కాదని, చెట్టునకు బెరడువలె, ముళ్ళపందికి ముళ్ళవలె అది ఒడలి పైభాగమునుండి వెలువడునని తన జంతుశాస్త్ర గ్రంథములో వ్రాసెను. ఈ వాదములో గెలుపు డెమోక్రిటస్‌దే.

మన తెలుగుకవి ధూర్జటి పదునారవ శతాబ్దములో వ్రాసిన ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యము’నందలి సాలీడును ఈ సందర్భమున స్మరింపక తప్పదు. శ్రీకాళహస్తి అను పేరులో ‘శ్రీ’ యనగా సాలీడు, ‘కాళ’ మనగా పాము, ‘హస్తి’ యనగా ఏనుగు. ఆ సాలీడు శివలింగమునకు తన దారముతోనే గోపురములు, మండపములు కట్టినది. దీపజ్వాల తగిలి అవి కాలిపోగా, కోపించి ఆ దీపమునే మ్రింగబోయినది. ఏనుగు నీరు, పూవులు తెచ్చును; పాము మణులు తెచ్చును; అవి బయటి వస్తువులు. సాలీడు తన పొట్టలోనుండి తీసినదానినే దేవునికి అర్పించెను. ఆ జీవి ఒడలు ఎట్టిదో యెరిగినందువలన కదా ఈ భక్తి అంత బలముగా మన మనసునకు తాకుచున్నది! ఇచ్చట కల్పన నిజమును విడువలేదు, నిజముమీదనే నిలిచినది.

అన్ని దేశములలోను అన్ని కాలములలోను ఇట్లే జరిగినదని చెప్పజాలము. పదునాలుగవ శతాబ్దపు ఇటలీ మహాకవి డాంటే, అహంకారులు శుద్ధిపొందు కొండదారిలో నేలమీద చెక్కిన శిల్పముగా అరాక్నీని చూపెను. ఆమె అప్పటికి సగము సాలీడు మాత్రమే. ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ డోరే 1868లో అచ్చయిన ముద్రణకు బొమ్మలు వేయుచు స్త్రీదేహమునకే సాలీడు కాళ్ళను జోడించెను. చిత్రము ఘనమైనదే, కాని ఆ కాళ్ళు ఎచ్చట మొదలై ఏ కండలవలన కదలునో చెప్పుట కష్టము. సగము మనిషి, సగము సాలీడు అను ఈ రూపము తరువాతివారికి ఒక ఒరవడి యైనది.

తూర్పున జపానులోను ఇట్టి రూపములు కలవు. మినమోతో నో యోరిమిత్సు అను వీరుడు చంపిన ‘త్సుచిగుమో’ అను మట్టిసాలీడు కథను పదునాలుగవ శతాబ్దపు చిత్రపటమొకటి చూపుచున్నది. దాని ప్రక్కను కోయగా లెక్కలేనన్ని పిల్లసాలీళ్ళు వెలువడి పరుగెత్తినవట. ఇది పూర్తిగా గాలిలో పుట్టిన ఊహ కాదు. నేలమీద తిరుగుచు వేటాడు తోడేలు సాలీళ్ళలో తల్లి తన పిల్లలను పదులకొలది వీపుమీద మోసికొని తిరుగును; తల్లిని కదిలించినచో అవి నలుదిక్కులకు చెదరును. 1776లో తోరియామా సెకియెన్ అను చిత్రకారుడు తన భూతముల చిత్రగ్రంథములో ‘జోరోగుమో’ అను మాయలాడి సాలీడును వ్రాసెను. ఆ పేరుతోనే జపానులో పసుపుచారలుగల నిజమైన సాలీడొకటి కలదు. అచ్చట భూతమునకును తోటలోని ప్రాణికిని ఒకే పేరు.

ఐరోపాలో పదునేడవ శతాబ్దమున భూతద్దములు వచ్చిన తరువాత చూపు మారినది. రాబర్టు హుక్ 1665లో ప్రకటించిన ‘మైక్రోగ్రాఫియా’ గ్రంథమున, పొడుగు కాళ్ళ జీవియొకదాని వీపుమీద బురుజువలె నిలిచిన రెండు కన్నులను పెద్దవిగా చిత్రించి చూపెను. నేటి శాస్త్రము ఆ జీవిని సాలీడుగా గాక దాని దగ్గరి బంధువుగా లెక్కించుచున్నది. అయినను చిన్న ప్రాణి ముఖమును తీరికగా చూడవచ్చునని లోకమునకు అప్పుడు తెలిసినది.

ఇట్లు చూచి చిత్రించినవారిలో మరియా సిబిల్లా మెరియన్ కథ మన విషయమునకు అత్యంత ముఖ్యమైనది. ఈమె 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో పుట్టినది. పురుగులు సీతాకోకచిలుకలగుట చిన్ననాటనుండి పెంచి చూచి చిత్రించినది. తన 52వ యేట, 1699లో, చిన్నకుమార్తెను వెంటబెట్టుకొని ఓడయెక్కి దక్షిణామెరికాలోని సూరినాము చేరినది. ఆ దినములలో ఒక స్త్రీ విజ్ఞానము కొరకే అంతదూరము పోవుట అరుదు. రెండేండ్లు అచ్చటి అడవులలో పనిచేసి, ఆరోగ్యము చెడి, 1701లో తిరిగివచ్చినది. 1705లో ఆమ్‌స్టర్‌డామున అచ్చయిన ఆమె గ్రంథములో అరువది చిత్రఫలకములు కలవు.

పదునెనిమిదవ ఫలకములో ఒక జామకొమ్మ. దానిమీద చీమలు, సాలీళ్ళు. క్రింద ఒక పెద్ద వెండ్రుకల సాలీడు చిన్న తేనెపిట్టను గూటినుండి లాగి వెల్లకిల పడవేసి పట్టుకొనియున్నది. ఈ చిత్రము చూచి ఐరోపా నివ్వెరపోయినది. స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో ఆ సాలీడునకు పక్షులకు సంబంధించినదను అర్థము వచ్చు ‘అవిక్యులేరియా’ అను పేరు పెట్టెను. కాని కాలము గడచినకొలది సందేహములు పెరిగినవి. ఆమె చిత్రములలో పొరపాట్లు లేకపోలేదు. తేనెపిట్ట రెండే గ్రుడ్లు పెట్టును, ఆమె గూటిలో నాలుగు వ్రాసినది. విమర్శకులు ఇట్టి పొరపాట్లను పట్టుకొని, పిట్టను తిను సాలీడు కూడ కట్టుకథయేయని తేల్చిరి. క్యూబాలో నివసించిన విలియం మెక్లే అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు, ఇట్టి సాలీళ్ళు నేలబొరియలలో నుండును గనుక పిట్టలను పట్టుట పొసగదని 1834లో వ్రాసెను. అదే యేట అచ్చయిన గిల్డింగ్ అను మతాచార్యుని విమర్శ ఆమె గ్రంథమునంతయు తూర్పారబట్టినది. ఆయన సూరినామునకు పోయి చూచినవాడు కాడు. కన్నుల చూచి వ్రాసినది కల్పన యైనది. చూడక త్రోసిపుచ్చినది శాస్త్రమైనది.

తరువాత హెన్రీ వాల్టర్ బేట్స్ అను ఆంగ్లేయుడు అమెజాను నదీప్రాంతములో పదునొకండు సంవత్సరములు గడపి, 1863లో తన అనుభవములను ప్రకటించెను. కమెటా అను ఊరి చేరువను ఒక చెట్టుమానుమీద పెద్ద సాలీడును, దాని వలలో రెండు చిన్న పిట్టలను తాను చూచితినని ఆయన వ్రాసెను; ఒకటి చచ్చియున్నది, మరియొకటి కొనయూపిరితో నున్నది. అప్పటికి మెరియన్ మరణించి 146 ఏండ్లు. బేట్స్ మరియొక ముచ్చటయు చెప్పెను. అచ్చటి ఇండియను కుటుంబములోని పిల్లలు ఇట్టి సాలీడు నడుమునకు త్రాడు కట్టి, కుక్కపిల్లనువలె ఇంటిలో త్రిప్పుచుండిరట. పుస్తకములలోని రాక్షసి ఆ పిల్లలకు ఆటవస్తువు. త్రాడు ఎచ్చట కట్టవలెనో, అనగా సాలీడునకు నడుము ఎచ్చట నున్నదో, వారికి బాగుగా తెలియును.

లిన్నేయస్ సాలీడును కీటకములలోనే చేర్చెను. ఆరుకాళ్ళ కీటకములకును ఎనిమిదికాళ్ళ సాలీడు తెగకును గల భేదమును గుర్తించి, 1801లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్కు వానిని వేరు తరగతిగా ఏర్పరచెను. ఆ తరగతికి అరాక్నీ పేరే నిలిచినది. శాస్త్రము కథనుండి పేరు తీసికొన్నది. కథ శాస్త్రమునుండి ఏమి తీసికొన్నది?

చాలకాలము ఏమియు తీసికొనలేదనియే చెప్పవలెను. ఫ్రెంచి చిత్రకారుడు ఓడిలాన్ రెడాన్ 1881లో బొగ్గుతో ‘నవ్వుచున్న సాలీడు’ను చిత్రించెను. నల్లని గుండ్రని ఒడలు, మనిషి ముఖము, పండ్లిగిలించిన నోరు. కాళ్ళు లెక్కించినచో పది! మా పలకమీది బొమ్మకు ఇది దూరపు బంధువే. కాని రెడాన్ వ్రాసినది ప్రాణిని కాదు, పీడకలను. దానికి లెక్క చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో భాషాచార్యుడైన టోల్కీన్ సంగతి వేరు. ఆయన 1937లో వచ్చిన ‘ది హాబిట్’ నవలలోను, 1954లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రెండవ సంపుటములోను భారీ సాలీళ్ళను ప్రవేశపెట్టెను. రెండవదానిలోని షెలోబ్ అను ఆడుసాలీడు నేటివరకు కల్పిత సాలీళ్ళన్నిటికిని రాణివంటిది. దానిని పరీక్షించినచో కీటకముల సంయుక్త నేత్రములున్నవి; సాలీడునకు లేని మెడయున్నది. అయినను చదువరి భయపడును. ఎందువలన? చీకటి సొరంగములో కదలక వేచియుండుట, దారములతో దారి మూయుట, ఎరను చంపక కదలకుండ చేసి చుట్టి దాచుకొనుట – ఈ గుణములన్నియు నిజమైన సాలీడువే. అవయవములలో తప్పినను నడతలో తప్పలేదు. 2003లో పీటర్ జాక్సన్ ఆ కథను చలనచిత్రముగా తీయునపుడు తన న్యూజిలాండు దేశపు సొరంగపు సాలీడును ఆధారముగా గొని షెలోబ్ ఒడలిని తయారుచేయించెను. కాళ్ళ అమరిక, నడక చక్కగా కుదిరినవి. పొట్ట చివర ఒక కొండిని మాత్రము ఉంచిరి. కథకు కావలసి తెలిసి మార్చుట తప్పు కాదు. తెలియక మార్చుటయే ఊహను బలహీనపరచును.

చలనచిత్రములలో మరియొక మార్గము కూడ కలదు. 1955లో జాక్ ఆర్నాల్డు అమెరికాలో తీసిన ‘టరాంటులా’ చిత్రములో బొమ్మను గాక బ్రతికియున్న సాలీడునే ఎక్కువగా వాడిరి. గాలి ఊది దానిని కావలసిన దిక్కునకు నడిపించి, ఆ దృశ్యమును ఎడారి దృశ్యముతో జోడించిరి. 1957లో అదే దర్శకుడు తీసిన మరియొక చిత్రములో సాలీడును పెంచక మనిషినే కుదించిరి. అంగుళములలోనికి కుంచించుకుపోయిన మనిషి నేలగదిలో మామూలు సాలీడుతో గుండుసూది పట్టుకొని పోరాడును. శాస్త్రదృష్టిచే చూచినచో ఈ రెండింటికిని ఒకే చిక్కు కలదు. అదియే కొలత చిక్కు.

గెలీలియో 1638లోనే ఈ నియమమును విశదపరచెను. ఒక జీవిని నిడివిలో నూరురెట్లు పెంచినచో దాని బరువు పదిలక్షల రెట్లగును. కాలి మందము, అనగా కోసి చూచిన వైశాల్యము, పదివేల రెట్లే యగును. కాలిలోని ప్రతి చదరపు అంగుళము మునుపటికన్న నూరురెట్ల భారమును మోయవలెను. పైగా సాలీడు కుబుసము విడిచి పెరుగు ప్రాణి. పాతపెంకు వదలిన వెంటనే ఒడలు మెత్తగా నుండును. ఏనుగంత సాలీడు ఆ గడియలో తన బరువునకు తానే కూలిపోవును. జె. బి. యస్. హాల్డేన్ 1926లో, జీవులకు తగిన పరిమాణమును గూర్చి వ్రాసిన వ్యాసములో ఈ విషయమునే అందరికిని తెలియునట్లు చెప్పెను. ఆ మహనీయుడు 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. నిజముగా నేడు బ్రతికియున్న సాలీళ్ళలో మిక్కిలి బరువైనది దక్షిణామెరికాలోని గోలియత్ సాలీడు. కాళ్ళు చాచిన దాదాపు 28 సెంటీమీటర్లు. బరువు సుమారు 170 గ్రాములు. అంతపాటి సాలీడే కొంత ఎత్తునుండి జారిపడినచో పొట్ట పగిలి చచ్చుట కద్దు.

పూర్వయుగములలోనైన మహాసాలీళ్ళు లేవా యను ఆశ మనుష్యునికి పోలేదు. 1980లో ఆర్జెంటీనా శాస్త్రజ్ఞుడు మారియో హ్యూనికెన్ సుమారు 30 కోట్ల ఏండ్లనాటి ఒక శిలాజమును వర్ణించి దానికి ‘మెగారాక్నీ’ అని పేరు పెట్టెను. కాళ్ళు చాచిన అర మీటరు సాలీడు అని అంచనా. పుస్తకములలో బొమ్మలు, ప్రదర్శనశాలలలో నమూనాలు వెలసినవి. కొందరు సాలీడు నిపుణులు మాత్రము తొలినుండియు అనుమానించిరి; దౌడల తీరు, ఒడలి అమరిక వారికి పొసగలేదు. రెండవ శిలాజమొకటి దొరికిన తరువాత, 2005లో సెల్డెన్, కొరోంకా అను శాస్త్రజ్ఞులును హ్యూనికెన్‌ను కలసి ప్రకటించిన వ్యాసమున అది సాలీడు కాదనియు, సముద్రపు తేళ్ళని పిలువబడు పురాతన జలచరముల తెగకు చెందినదనియు తేలినది. తన మాట తప్పని తేలినపుడు ఆ దిద్దుబాటులో తానును చేయి కలిపిన హ్యూనికెన్ నిజాయితీని మెచ్చుకొనవలెను.

ఆ యేడే బ్రిటనులో బి. బి. సి. వారు పురాతన జీవులను గూర్చి తీసిన టెలివిజను ధారావాహికలో ఈ మహాసాలీడును సిద్ధముచేసి యుంచిరి. బొమ్మను మార్చుటకు వ్యవధి లేకపోయినది. కావున పేరు మాత్రము మార్చి, పొట్టమీద పలకలుగల ఆదిమ సాలీళ్ళ తెగలో నొకటిగా దానిని చూపిరి. అంత పెద్ద సాలీడు ఆ తెగలో ఉండెనని చెప్పుటకు ఏ ఆధారమును లేదు. మెరియన్ చూచి వ్రాసిన నిజమును పండితులు ఊహయనిరి. మెగారాక్నీయను ఊహను ఇరువదియైదేండ్లు నిజమనుకొనిరి. రెండు సందర్భములలోను తీర్పు చెప్పినది చివరకు ప్రాణి ఒడలే.

నిజమును పట్టుకొనినచో ఊహకు రెక్కలు తెగునని కొందరు శంకింతురు. మాకట్లు తోచదు. ఒక్క సాలీడు కాలినే తీసికొందము. మన మోచేతికి మడచు కండలు, చాచు కండలు రెండును కలవు. సాలీడు కాలిలోని ముఖ్యమైన రెండు కీళ్ళకు మడచు కండలే గాని చాచు కండలు లేవు. మరి కాలెట్లు చాచును? ముందుభాగములోని ద్రవమును అదిమి కాలిలోనికి త్రోయును. ఆ ఒత్తిడికి కాలు చాచుకొనును. 1959లో కేంబ్రిడ్జిలో ప్యారీ, బ్రౌన్ అను శాస్త్రజ్ఞులు ఈ ఒత్తిడిని కొలిచి చూపిరి. చచ్చిన సాలీడు కాళ్ళు లోనికి ముడుచుకొనియుండుట మనమందరము చూచినదే. ద్రవపు ఒత్తిడి పోగా మడచు కండలే మిగులుట దానికి కారణము. 2022లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమువారు చచ్చిన సాలీడు ఒడలిలోనికి సూదితో గాలి పంపి, దాని కాళ్ళను తెరచి మూసి, చిన్న వస్తువులను పట్టుకొను పట్టకారుగా వాడి చూపిరి. మరణించియు చేయి చాచు ప్రాణి! ఏ కథకుడు ఇంతటి వింతను తనంత తాను ఊహించెను? గాయమై ద్రవము కారినచో కాళ్ళు ముడుచుకుపోవు రాక్షసి యొకటి కథలో కనబడినచో, వీరుడు దానిని గెలుచు ఉపాయము కూడ దాని ఒడలిలోనే దొరకును.

ఈ మార్గమున నడచిన కళాఖండమొకటి చెప్పి ముగింపునకు వత్తుము. ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన శిల్పి లూయీ బూర్జ్వా 1999లో ‘మమన్’ అను మహాసాలీడును నిర్మించెను. ఫ్రెంచిలో ఆ మాటకు ‘అమ్మ’ అని అర్థము. ఎత్తు తొమ్మిది మీటర్లకు పైగా. ఎనిమిది సన్నని కాళ్ళు. పొట్ట క్రింద సంచిలో చలువరాతి గ్రుడ్లు. ఆమె తల్లి పాత నేతపటములను బాగుచేయు పనియందు నేర్పరి. తల్లి ఓర్పును, నేతను, కాపుదలను చూపుటకు ఆమెకు సాలీడుకన్న మంచి రూపము దొరకలేదు. అరాక్నీ నేతగత్తె, మన సాలెపురుగు నేతపురుగు, ఈ అమ్మయు నేతపనిదే. ఆడుసాలీడు గ్రుడ్లకు పట్టుసంచి కట్టి కాపాడుట ఎరుగనివారికి ఆ శిల్పము భయమునే కలిగించును. ఎరిగినవారికి ఆ భయము వెనుక నున్న ప్రేమయు కనబడును.

తెలుగుదేశమున మనకొక సాలీడు కలదు. 1899లో ఆర్. ఐ. పోకాక్ అను శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించెను. అది అనంతపురము సీమలోని గుత్తి రైల్వే కలపడిపోలో దొరకినది. ఒడలంతయు మిలమిలలాడు నీలము. ఆ నీలము రంగు పదార్థమువలన గాక, వెండ్రుకలలోని అతిసూక్ష్మమైన కట్టడిమీద వెలుగు పడి చెదరుటవలన కలుగుచున్నది. ఏ చిత్రకారుడైనను అట్టి సాలీడును వ్రాసియుండినచో మనము అతిశయోక్తియందుము. తరువాత నూరేండ్లు అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ నున్న అడవిలో మరల కనబడినది. పాతచెట్ల తొర్రలలో బ్రదుకు ప్రాణి కనుక, చెట్లు కొట్టినచో దానికి ఇల్లు లేదు. 2008లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు దానిని నశించిపోవు ప్రమాదము అత్యధికముగా గల జీవుల పట్టికలో చేర్చిరి.

కల్పిత రాక్షసులకు భయపడిన చేయి గోడమీది ప్రాణిని చీపురుతో కొట్టును. నిజమైన ఒడలిని ఎరిగి వ్రాసిన కథ పిల్లవానికి భయముతోపాటు చూచు కుతూహలమును కూడ ఇచ్చును. కావున మన యిండ్లలో పిల్లలు సాలీడు బొమ్మ వేయబూనినపుడు, మొదట వారిని మూలనున్న వలయొద్దకు తీసికొనిపొమ్మని పెద్దలకు మా మనవి. కాళ్ళు ఎచ్చట మొదలగుచున్నవో, దారము ఎచ్చటనుండి వచ్చుచున్నదో, కన్నులు ఎన్ని గలవో వారిని చూడనిండు. అటుపిమ్మట దానికి కొమ్ములు పెట్టినను, కిరీటము పెట్టినను, గోపురము కట్టించినను వారి యిష్టము.